‘రాసుంది కదా’ అన్న తర్వాత: పవిత్ర గ్రంథాలు, అక్షరార్థం, మతఛాందసం

“రాసుందా లేదా? అవునో కాదో చెప్పు.”

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, చంద్రపూర్ వైపు మతం మీద ఏ వాదన మొదలైనా ఈమధ్య ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది. బొగ్గు గనుల్లో, పేపరు మిల్లులో పనికోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు మావి. ఒకే వాడలో ఒక ఇంట్లో తెలుగు బైబిలు, పక్కింట్లో మరాఠీ జ్ఞానేశ్వరి, ఎదురింట్లో ఉర్దూ తర్జుమాతో ఖురాను, చివరింట్లో అంబేడ్కర్ ఫొటో కింద బౌద్ధ గ్రంథం ఉంటాయి. పండగలకు ఒకరింటికి ఒకరు పోయి తిని వచ్చిన ఇళ్లే ఇవన్నీ. ఇప్పుడు ఆ ఇళ్ల పిల్లలు ఫోన్లలో వచనాల నంబర్లు పంపుకొని “మీ పుస్తకంలో ఇలా ఉంది, దీనికేమంటావు?” అని నిలదీసుకుంటున్నారు.

ఆ ప్రశ్న అడిగేవాడు తన సొంత మాటేమీ చెప్పడం లేదనిపిస్తుంది. గ్రంథంలో ఉన్నదే చెబుతున్నాడు, తాను మధ్యలో లేడు. మతఛాందసం బలమంతా ఈ ‘నేను మధ్యలో లేను’ అనడంలోనే ఉందని నా అభిప్రాయం. అది నిజం కాదని, మధ్యలో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడని, ఆ మనిషి కొన్ని వాక్యాలను ఏరుకుంటాడు, కొన్నిటిని వదిలేస్తాడని చూపించడమే ఈ వ్యాసం పని.

ముందు ఒక చిన్న సంగతిని దగ్గరగా చూద్దాం. గని కార్మికుల కాలనీలో ఒక తెలుగు ప్రార్థన మందిరం ఉంది. బాప్తిస్మం తీసుకున్న ఆడవాళ్లు బంగారం పెట్టుకోకూడదని అక్కడ నియమం. కమ్మలు, ముక్కుపుడక, కొందరైతే పుస్తెలు కూడా తీసేశారు. దీనికి ఆధారం పేతురు రాసిన మొదటి పత్రిక, 3వ అధ్యాయం, 3వ వచనం. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అరవై దాటిన ఒక పెద్దావిడ పాస్టరుగారి దగ్గరికి వచ్చింది.

“అయ్యగారూ, గా వాక్యం ఇంకొక్కపారి సదువుండ్రి.”

ఆయన చదివారు. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం అనే పైపై అలంకారం కాదు, సాధువైన మృదువైన మనసే మీకు అలంకారం కావాలని అందులో ఉంది.

“మరి అండ్ల జడలున్నయి, బట్టలున్నయి. బంగారమొక్కటే ఎందుకు తీయమన్నరయ్యా?”

“బట్టలంటే ఆడంబరంగా కట్టే బట్టలమ్మా. ఆ కాలంలో గొప్పింటి ఆడవాళ్ల పద్ధతి చూసి రాసిన మాట అది.”

“గట్లయితే బంగారానికి గూడ గదే మాట అనుకోవచ్చు గదా?”

పాస్టరుగారు మంచి మనిషి. ఆలోచించి చెబుతానమ్మా అన్నారు.

ఒకే వాక్యంలో మూడు సంగతులున్నాయి. రెండింటికి ‘ఆ కాలం, ఆ సందర్భం’ అని అర్థం చెప్పుకున్నాం. మూడోదానికి మాత్రం ‘రాసింది రాసినట్టే’ అన్నాం. దేన్ని ఎలా చదవాలో ఆ వాక్యం చెప్పలేదు. ఆ నిర్ణయం ఒక సంఘం తీసుకుంది, బహుశా ఎప్పుడో ఒక బోధకుడు తీసుకున్నాడు, తర్వాత అది దేవుని మాట అయిపోయింది. నగలు వదిలేసి నిరాడంబరంగా ఉండటం గొప్ప సంగతే, ఎంతోమంది ఇష్టంగా వదిలేశారు. కానీ తీయనన్న కోడలికి ‘ఇది మా నిర్ణయం’ అని చెప్పడం వేరు, ‘ఇది వాక్యం’ అని చెప్పడం వేరు. మొదటిదాంతో ఆమె వాదించగలదు. రెండోదాంతో వాదిస్తే దేవుణ్ణి ఎదిరించినట్టవుతుంది.

ఇక్కడ మూడు సంగతులను విడదీయాలి. పుస్తకాన్ని పవిత్రంగా చూడటం భక్తి. వాక్యానికి పైకి కనిపించే అర్థమే అర్థమనుకోవడం అక్షరార్థ పఠనం. ఛాందసం ఈ రెండింటినీ దాటి మరికొంత దూరం పోతుంది: చరిత్ర, విజ్ఞానం సహా అన్ని విషయాల్లోనూ గ్రంథంలో పొరపాటుండదని, దాని అర్థం ఒక్కటేనని, అది మాకు స్పష్టంగా తెలుసని, అలా చదవనివాడు నిజమైన విశ్వాసి కాడని, లోకమంతా ఆ ప్రకారమే నడవాలని అంటుంది. హింస మళ్లీ వేరే సంగతి. తన గ్రంథాన్ని అక్షరాలా నమ్మి, ఎవరి జోలికీ పోకుండా బతికేవాళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నారు. వాళ్లందరినీ అనుమానంగా చూడటం అన్యాయం.

ఛాందసం పాతకాలపు సరుకని, చదువు పెరిగితే పోతుందని చాలామంది అనుకుంటారు. చరిత్ర చూస్తే వ్యవహారం ఇంచుమించు తిరగబడి ఉంటుంది. ‘ఫండమెంటలిజం’ అని లోకం పిలుస్తున్నది పుట్టింది అమెరికాలో, 20వ శతాబ్దంలో. డార్విన్ సిద్ధాంతం ఒకవైపు, బైబిలును మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే పరిశీలించిన జర్మన్ పండితుల విమర్శ మరోవైపు చర్చిలను కుదిపేసిన కాలం అది. లైమన్ స్టీవర్ట్ అనే కాలిఫోర్నియా చమురు వ్యాపారి డబ్బు పెట్టగా 1910 నుంచి 1915 దాకా ‘ది ఫండమెంటల్స్’ పేరుతో 12 సంపుటాలు వెలువడ్డాయి. పాస్టర్లకు, మిషనరీలకు, వేదాంత విద్యార్థులకు వాటిని ఉచితంగా పంపారు. దాదాపు 30 లక్షల ప్రతులు పంచారు. ఆ ‘మూలసూత్రాల’ కోసం పోరాడేవాళ్లను ఫండమెంటలిస్టులు అనాలని 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు సంపాదకుడు రాశాడు. ఇది వాళ్లు గర్వంగా పెట్టుకున్న పేరు.

1925 జులైలో టెనెసీ రాష్ట్రంలోని డేటన్ అనే చిన్న ఊళ్లో జరిగిన విచారణతో ఈ గొడవ లోకానికెక్కింది. బడిలో పరిణామవాదం చెప్పినందుకు జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడి మీద కేసు పెట్టారు. ప్రాసిక్యూషన్ వైపు రాజకీయ నాయకుడు విలియం జెన్నింగ్స్ బ్రయన్, స్కోప్స్ వైపు న్యాయవాది క్లారెన్స్ డారో. బైబిలు విషయంలో నిపుణుడిగా బ్రయన్‌నే సాక్షి స్థానంలో కూర్చోబెట్టి డారో ప్రశ్నించాడు: బైబిలులో ఉన్నదంతా అక్షరాలా తీసుకోవాలా? బ్రయన్ చెప్పిన జవాబు చాలామందికి గుర్తులేదు. కొన్ని మాటలు పోలికగా చెప్పినవన్నాడు. ‘మీరు లోకానికి ఉప్పు’ అని యేసు అన్నంత మాత్రాన మనిషి ఒళ్లంతా ఉప్పని తాను పట్టుబట్టనన్నాడు. సృష్టి జరిగిన ఆరు రోజులూ 24 గంటల రోజులే కానక్కర్లేదని కూడా ఒప్పుకున్నాడు.

అక్షరార్థానికి అంత పెద్ద ప్రతినిధి కూడా అక్షరార్థం దగ్గర ఆగలేకపోయాడు. ఎవరూ ఆగలేరు. కన్ను పాపం చేయిస్తే పెరికి పారెయ్యమని మత్తయి సువార్తలో ఉంది, ఎంత పట్టుదలగల అక్షరవాది అయినా అక్కడ అలంకారం చూస్తాడు. మార్కు సువార్త చివర విశ్వాసులు పాములను ఎత్తి పట్టుకుంటారన్న మాట ఉంది. అమెరికాలో జార్జ్ హెన్స్లీ అనే బోధకుడు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఆరాధనల్లో విషసర్పాలను చేతబట్టే పద్ధతిని వ్యాపింపజేశాడు. 1955లో పాము కాటుకే పోయాడు. మనకు దొరికిన అతి ప్రాచీన గ్రీకు రాతప్రతుల్లో రెండింటిలో, సైనాయ్, వాటికన్ ప్రతుల్లో, మార్కు సువార్తకు ఆ చివరి 12 వచనాలూ లేవు. అక్షరం కోసం ప్రాణమిచ్చిన మనిషి ముందు నిలబడి ఈ సంగతి తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

మరి పూర్వం ఎలా చదివారు? ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. సంప్రదాయం పేరు చెప్పి వాదించేవాళ్లు అన్నిటికన్నా తక్కువ తెలుసుకున్నది ఆ సంప్రదాయాన్నే.

వేదంలో ఒక్క అక్షరం కూడా వృథా కాదని నమ్మినవాళ్లు మీమాంసకులు. అంతకన్నా గట్టి వేదవాదులు లేరు. ‘యూపం (యజ్ఞస్తంభం) ఆదిత్యుడు’ అని శ్రుతి, అంటే వేదం, చెబితే వాళ్లేం చేశారు? కొయ్య స్తంభం సూర్యుడు కాదని కళ్లకు కనిపిస్తూనే ఉంది. అందుకని వేదవాక్యాలను రకాలుగా విడగొట్టారు. చెయ్యమని ఆజ్ఞాపించేది విధి, వద్దనేది నిషేధం, ఆ పని మీద ఆసక్తి పుట్టించడానికి పొగిడేదీ తెగిడేదీ అర్థవాదం. నెయ్యి పూసిన యూపం సూర్యుడిలా మెరుస్తుందని పొగడటం అర్థవాదమే, దాన్ని వాస్తవ ప్రకటనగా తీసుకోకూడదన్నారు. ఒక ప్రకరణం తాత్పర్యం తేల్చడానికి మొదలూ చివరా ఏమంటున్నాయి, ఏ మాట పదేపదే వచ్చింది, కొత్తగా చెప్పిందేమిటి, ఫలమేమిటి, అర్థవాదమేది, యుక్తికి నిలుస్తుందా అని ఆరు గుర్తులు పెట్టుకున్నారు. ఒక శ్లోకాన్ని తెంపి తెచ్చి ముందు పడేసి ‘అవునా కాదా’ అంటే ఆ పండితులు అసలు చర్చకే ఒప్పుకునేవారు కాదు.

శంకరాచార్యుల గీతాభాష్యంలో, 18వ అధ్యాయం 66వ శ్లోకం దగ్గర, ఇంకా సూటైన మాట ఉంది. అగ్ని చల్లగా ఉంటుందని, అది వెలుగివ్వదని వంద శ్రుతులు చెప్పినా అవి ప్రమాణం కావు, అలా చెబితే ఆ శ్రుతి ఉద్దేశం మరేదో అయి ఉండాలన్నారాయన. పుష్పక విమానానికి ఇంజను వెతికేవాళ్లు, వేదంలో అణుబాంబు చూపించేవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క నిమిషం నిలబడితే బాగుండును. మనకు బాగా తెలుసనుకున్న కథల సంగతే చూడండి. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. వాల్మీకి చెప్పిన అహల్య రాయిగా మారలేదు, బూడిదలో పడుకొని, గాలి భోంచేస్తూ, ఎవరికీ కనిపించకుండా తపస్సు చేసింది. ‘రాసుంది’ అని మనం గట్టిగా చెప్పేవాటిలో చాలా భాగం ఎవరో పాడగా విన్నవీ, తెరమీద చూసినవీ.

తొలి క్రైస్తవ పండితులూ ఇంతే జాగ్రత్తపడ్డారు. 3వ శతాబ్దపు ఓరిజెన్, దేవుడు తోటమాలిలా ఏదెనులో చెట్లు నాటాడని ఎవరైనా అక్షరాలా అనుకుంటారా అని అడిగాడు. 5వ శతాబ్ది మొదట్లో ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాసిన అగస్టీన్, భూమి గురించీ నక్షత్రాల గురించీ అన్యులకు కూడా తెలిసిన సంగతుల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పు మాట్లాడితే నవ్వులపాలయ్యేది లేఖనమేనని బాధపడ్డాడు. యూదు రబ్బీలు ‘కంటికి కన్ను’ అన్న ధర్మశాస్త్ర వాక్యాన్ని నష్టపరిహారంగా నిర్ణయించారు. తల్లిదండ్రుల మాట వినని కొడుకును రాళ్లతో కొట్టి చంపమన్న ఆజ్ఞకు ఎన్నెన్నో షరతులు పెట్టి, అలాంటి కొడుకు ఎన్నడూ లేడు, ఇకముందు ఉండడు అని తల్మూదు అనే తమ ధర్మగ్రంథంలో రాసుకున్నారు. వాళ్లు గ్రంథాన్ని తేలిక చేయలేదు. గ్రంథం దయగలవాడి మాట అని నమ్మారు కాబట్టి అంత శ్రమ పడ్డారు.

ఖురాను సంగతికొస్తే, తనలో స్పష్టమైన వాక్యాలూ ఉన్నాయి, పలు అర్థాలకు తావిచ్చే వాక్యాలూ ఉన్నాయని ఆ గ్రంథమే 3వ అధ్యాయం 7వ వాక్యంలో చెబుతుంది. దొంగతనానికి చేయి నరకమన్న శిక్ష అందులో ఉంది. రెండో ఖలీఫా ఉమర్ ఘోరమైన కరువు వచ్చిన ఏడాది ఆ శిక్ష అమలు చేయలేదని ఇస్లామీయ సంప్రదాయం చెబుతుంది. ఆకలికి దొంగిలించినవాణ్ణి దొంగగా చూడలేదాయన.

ఇస్లాం చరిత్రలోనే ఈ మొత్తం సమస్యను కళ్లముందు పెట్టే ఘట్టం ఉంది. క్రీ.శ. 657లో సిఫ్ఫీన్ దగ్గర నాలుగో ఖలీఫా అలీకీ, సిరియా పాలకుడు ముఆవియాకూ యుద్ధం జరిగింది. సిరియా సైనికులు ఈటెల మొనలకు ఖురాను ప్రతులు కట్టి పైకెత్తి, దీని ప్రకారం తీర్పు జరగనివ్వండి అన్నారు. ఇరువైపులా మధ్యవర్తులను పెట్టుకోవడానికి అలీ ఒప్పుకున్నాడు. ఆయన సైన్యంలోనే ఒక వర్గం తిరగబడింది. తీర్పు అల్లాహ్‌ది మాత్రమే, మనుషుల్ని మధ్యవర్తులుగా పెట్టడం పాపం అన్నారు. ఖారిజీలన్నది వీళ్లనే. వాళ్ల నినాదం విని, మాట సత్యమే కానీ దాంతో చేయదలచింది అసత్యం అన్నాడు అలీ. ఖురాను రెండు అట్టల మధ్య ఉన్న రాత, అది నోరు తెరిచి మాట్లాడదు, దాని తరఫున మాట్లాడేది మనుషులే అని కూడా అన్నట్టు చరిత్రకారులు రాశారు. ఖారిజీలు మాత్రం తాము అర్థం చెప్పడం లేదని, అల్లాహ్ తీర్పునే చెబుతున్నామని అన్నారు. ఒప్పుకోని ముస్లిములను అవిశ్వాసులుగా లెక్కగట్టారు. క్రీ.శ. 661లో కూఫా మసీదులో అలీ మీద కత్తి వేటు వేసినవాడు ఆ వర్గం మనిషే. ప్రవక్త ఇంట్లో పెరిగిన మనిషిని ప్రవక్త తెచ్చిన గ్రంథం పేరు మీదే చంపారు.

తీర్పు ఎవరిదన్న ప్రశ్న అందులో అసలుది కాదు. ఆ తీర్పు ఏమిటో చెప్పే నోరు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఖారిజీలు దాన్ని అడగనివ్వలేదు.

ఇక మా వైపుకు వస్తాను. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ ఊళ్లలో అఖండ హరినామ సప్తాహాలు జరుగుతాయి, తెలుగు కుటుంబాలూ అందులో కూర్చుంటాయి. పొద్దున వరసల్లో కూర్చుని, ముందు చిన్న పీటల మీద జ్ఞానేశ్వరి పెట్టుకుని అందులోని ఓవీలు అనే మరాఠీ పద్యాలు గొంతెత్తి చదువుతారు. రాత్రి కీర్తనకారుడు ఒకే ఒక్క అభంగం, అంటే భక్తిపాట, తీసుకుని రెండు గంటలు చెబుతాడు. ఒక చరణం పాడతాడు, ఆగుతాడు, ఊళ్లో పంట సంగతి చెబుతాడు, అప్పుల సంగతి చెబుతాడు, తుకారాం దగ్గరికి పోతాడు, మళ్లీ అదే చరణానికి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఆ చరణానికి ఇంకో అర్థం తోడవుతుంది. జ్ఞానేశ్వరే ఆ దారి వేశాడు. 1290లో గీతలోని 700 శ్లోకాలకు మరాఠీలో సుమారు 9 వేల ఓవీలు చెప్పాడు. పైకి కనిపించే అర్థమే సరిపోతే 9 వేల ఓవీల అవసరం ఉండేది కాదు.

అదే నాందేడులో 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత గ్రంథ్ సాహిబే గురువని ప్రకటించారు. అక్కడి గురుద్వారా హజూర్ సాహిబ్‌లో ఆ గ్రంథానికి చామరం వీస్తారు, పట్టుగుడ్డ కప్పుతారు, రాత్రికి విశ్రాంతినిస్తారు. ఒక పుస్తకాన్ని అంతకన్నా పవిత్రంగా చూడటం నేనెక్కడా ఎరగను. ఆ గ్రంథంలోనే మరాఠ్వాడా బిడ్డ నామదేవుడి పాటలున్నాయి, కబీరు, రవిదాసు, షేక్ ఫరీదు పాటలున్నాయి. వేదాన్నీ కితాబునూ అబద్ధమనకండి, విచారించనివాడే అబద్ధపువాడు అన్న కబీరు మాట కూడా అందులోనిదే. పవిత్రతకూ విచారణకూ వైరముందని ఎవరైనా అంటే నేను హజూర్ సాహిబ్ వైపు చూపిస్తాను.

మాహూర్ గుట్టమీది రేణుకమ్మ కథ ఇంకో రకం. తండ్రి జమదగ్ని ఆజ్ఞ మీద పరశురాముడు తల్లి తల నరకడం, తర్వాత ఆమెను బతికించమని వరం కోరడం మహాభారతంలో ఉంది. తెలుగు పల్లెల్లో జమిడిక వాయించి బైండ్లవాళ్లు చెప్పే ఎల్లమ్మ కథల్లో కొన్నిటిలో నరికిన తల మారిపోతుంది, మాతంగి కథ వచ్చి కలుస్తుంది, అవమానపడిన తల్లి ఊరూరా దేవత అవుతుంది. వినేవాళ్లెవరూ ‘ఇది మూలంలో ఉందా’ అని అడగరు. తల్లికి జరిగింది అన్యాయమా కాదా అన్నది అడుగుతారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. చెప్పుకునే కథకు అక్షరార్థం అంటగట్టడం కుదరదు. అచ్చు పుస్తకం వచ్చాకే, అందరి చేతిలో ఒకే ప్రతి, ఒకే నంబరు ఉన్నాకే అది కుదిరింది. బైబిలు కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు 1551లో ఒక ఫ్రెంచి ముద్రాపకుడు వేసినవి. వెతుక్కోవడానికి ఎంతో ఉపకారం చేశాయి. వాక్యాన్ని చుట్టుపక్కల మాటల నుంచి తెంపుకు పోవడానికీ అవే దారి చూపాయి.

ఈ సరిహద్దు పిల్లలను అక్షరార్థం ఎందుకంతగా పట్టుకుందో నాకు అర్థమవుతుంది. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ. నాయనమ్మ పాడే కీర్తన సగమే తెలుస్తుంది, ఆమె చదివే తెలుగు లిపి రాదు. తన మతం తనకు కథగా, పాటగా, వంటగా అందలేదు. అలాంటి పిల్లవాడికి నాలుగు నియమాలూ పది నంబర్లూ చేతిలో పెట్టి ‘ఇదే నువ్వు’ అంటే గట్టిగా పట్టుకుంటాడు. బడి చదువు కూడా ప్రశ్నకు ఒకే సరైన జవాబుంటుందని నేర్పింది. నిజమంటే రుజువు చేయగల వాస్తవం మాత్రమేనన్న ఆలోచన సైన్సు పుస్తకం నుంచి వచ్చింది, కవిత్వంలో ఉండే నిజం ఎలాంటిదో ఎవరూ చెప్పలేదు. కనుక గ్రంథాన్ని గైడు చదివినట్టు చదువుతాడు. ఛాందసం ఆధునికం అనడంలో నా భావం ఇది.

ఇందులో పెద్దలుగా మన తప్పూ ఉంది. పిల్లవాడు అడిగినప్పుడు ‘నోరు మూసుకో, కళ్లు పోతాయి’ అన్నాం. జవాబు ఫోన్లో దొరికింది.

ఆ ఫోన్లో ఎక్కువగా తిరిగే వాక్యం ఖురాను 9వ అధ్యాయంలోని 5వది. బహుదైవారాధకులను కనిపించిన చోటల్లా చంపండన్న ముక్క మాత్రమే వస్తుంది. దానికి ముందున్న 4వ వాక్యంలో మీతో చేసుకున్న ఒప్పందం తప్పనివారితో ఒప్పందం నిలబెట్టుకోండని ఉంది. తర్వాతి 6వ వాక్యంలో, వారిలో ఎవరైనా శరణు కోరితే శరణివ్వండి, సురక్షితమైన చోటికి చేర్చండని ఉంది. ఇది ఒప్పందాలు తప్పిన శత్రువులతో ఆనాటి యుద్ధానికి సంబంధించిన ప్రకరణం. ముస్లిములను ద్వేషించేవాడూ, ముస్లిముల్లోని ఉగ్రవాదీ ఇద్దరూ 5వ వాక్యాన్నే తెంపుతారు, 4నూ 6నూ వదిలేస్తారు. బద్ధశత్రువులైన ఇద్దరికీ చదివే పద్ధతి ఒకటే. మనుస్మృతి విషయంలోనూ ఇదే. 3వ అధ్యాయంలోని ‘యత్ర నార్యస్తు పూజ్యంతే’ శ్లోకం పెళ్లి శుభలేఖల మీదికి ఎక్కింది. 9వ అధ్యాయంలోని ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అదే పుస్తకంలో ఉంది. మొదటిది మాత్రమే చెప్పి గ్రంథం గొప్పదనడం కూడా ఏరుకోవడమే.

మరి వ్యాఖ్యానం ఎప్పుడూ మంచివైపు, అక్షరార్థం ఎప్పుడూ చెడువైపు ఉంటాయా? అలాగని తేల్చేస్తే పొరపాటు. భర్త చనిపోతే, కనిపించకుండా పోతే, సన్యసిస్తే, నపుంసకుడైతే, పతితుడైతే స్త్రీకి మరో భర్త ఉండవచ్చని పరాశర స్మృతిలో శ్లోకం ఉంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో ఆ శ్లోకాన్ని సూటి అర్థంతోనే ముందు పెట్టాడు. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం కూడా శాస్త్రాధారాలు చూపే వాదించి, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఎదుటిపక్షం చేసింది వ్యాఖ్యానం: పాత వ్యాఖ్యాత మాధవుడు ఇది మరో యుగానికి చెందిన ధర్మమన్నాడు కదా అన్నారు. అంటే అక్కడ అక్షరార్థం ఆడపిల్లల పక్షాన ఉంది, వ్యాఖ్యానం వాళ్ల తల గొరిగించే పక్షాన ఉంది. కాబట్టి ‘నువ్వు అక్షరవాదివా’ అని అడగడం చాలదు. ఈ చదువు వల్ల ఎవరి మెడ మీద బరువు పడుతోంది, ఎవరిది తగ్గుతోంది అనేది చూడాలి.

ఈ దారి మొత్తాన్నే అంబేడ్కర్ ప్రశ్నించాడు. ఆయన ప్రశ్నను దాటవేసి ఈ విషయం రాయకూడదు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఆయన నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. 1936లో లాహోర్‌లో ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని నిర్వాహకులు రద్దు చేస్తే తానే అచ్చువేయించాడు. శాస్త్రాల నిజమైన అర్థం వేరు, వ్యాకరణం ప్రకారం చూస్తే అవి కులాన్ని చెప్పడం లేదు అని సంస్కర్తలు చేసే వాదన వల్ల లాభం లేదన్నాడు అందులో. జనం వాటిని ఎలా అర్థం చేసుకున్నారు, ఎలా అమలు చేశారు అన్నదే లెక్క. కాబట్టి శాస్త్రాల ప్రామాణ్యాన్నే కాదనాలి, బుద్ధుడిలా, నానక్‌లా నిలబడాలి అన్నాడు. మతం సూత్రాలుగా ఉండాలి తప్ప ఆజ్ఞల పట్టికగా ఉండకూడదని కూడా వాదించాడు.

పైన నేను మీమాంస గురించీ శంకరుల గురించీ అంత ప్రేమగా రాశాను. అదే సంప్రదాయం శూద్రుడికి వేదాధ్యయనం లేదని కూడా చెప్పింది. చదవడానికి అన్ని మెలకువలు తెలిసినవాళ్లు ఆ తలుపు తెరవలేదు. ఊరి బయట నిలబడినవాడికి ‘మా గ్రంథంలో మాటల వెనక వేరే అర్థం, లక్షణార్థం ఉంది’ అని చెబితే అతనికి ఒరిగేదేమీ లేదు. అతని పక్షాన అంబేడ్కర్ వాదనే సరైనదని నేను నమ్ముతాను. లోపల ఉండి ఆ గ్రంథంతోనే బతకదలచినవాళ్లకు మాత్రం బాగా చదవడం తప్పనిసరి పని. రెండు పనులూ ఏకకాలంలో జరగాలి.

నాగ్‌పూర్‌లో బౌద్ధ దీక్ష జరిగిన రెండు రోజులకు, 1956 అక్టోబర్ 16న, అంబేడ్కర్ చంద్రపూర్‌లో మరో దీక్షా సమారంభం జరిపించాడు. ఏటా అక్టోబర్‌లో అక్కడి దీక్షాభూమికి వచ్చే జనంలో బల్లార్షా తెలుగువాళ్లూ ఉంటారు. ఆయన మరణం తర్వాత 1957లో వచ్చిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పీఠికలోనే, వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న ప్రసిద్ధ కథ నమ్మదగ్గది కాదని రాశాడు. 29 ఏళ్ల మనిషికి ముసలితనం, రోగం, చావు అప్పటిదాకా తెలియకపోవడమేమిటని అడిగాడు. తాను స్వీకరించిన మతం గ్రంథాలనూ అదే కంటితో చదివాడు. పిటకంలో, అంటే గ్రంథంలో, ఉంది కాబట్టి ఒప్పుకోవద్దని కాలాములనే జనంతో బుద్ధుడు చెప్పిన మాట ఆయనకు తోడు. ఇప్పుడు ఆయన పుస్తకంలోని వాక్యాన్నే ఎత్తిచూపి ‘బాబాసాహెబ్ రాశాడు, ఇక మాట్లాడకు’ అనే కుర్రవాళ్లు మా వాడలో ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు కోపం రాదు, దిగులుగా ఉంటుంది.

ఆఖరుగా, ఇక్కడ ఉండే తెలుగువాళ్లకు పనికొచ్చే చట్టం సంగతి. తన గ్రంథాన్ని అక్షరాలా పాటిస్తూ బతికే హక్కు రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం, ఇతరుల ప్రాథమిక హక్కులకు లోబడి ఆ హక్కు ఉంటుంది. నగలు వదిలేస్తానన్నా, మాంసం ముట్టనన్నా, గడ్డం పెంచుతానన్నా మామూలుగా ఎవరూ అడ్డు చెప్పలేరు. ఆ నియమం పాటించలేదని పక్కవాణ్ణి కులం పేరుతోనో సంఘం పేరుతోనో వెలివేయడం మాత్రం మహారాష్ట్రలో నేరం. సామాజిక బహిష్కారాన్ని నిషేధిస్తూ 2016లో చేసిన చట్టం 2017 జులై నుంచి అమల్లో ఉంది. పెళ్లికీ చావుకీ రావద్దనడం, మాట్లాడవద్దనడం, ప్రార్థన స్థలంలోకి, శ్మశానంలోకి రానివ్వకపోవడం లాంటివన్నీ దాని కిందికి వస్తాయి. 3 సంవత్సరాల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బాధితుడే కాదు, అతని కుటుంబంలో ఎవరైనా పోలీసులకు గానీ నేరుగా మేజిస్ట్రేటుకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. పోలీస్ స్టేషన్లో మరాఠీలో రాసివ్వాల్సి వస్తే, వాడలో పదో తరగతి చదివిన ఏ పిల్లైనా రాసిపెడుతుంది.